పొద్దున తీపి... పొద్దెక్కితే పులుపు

కల్లు కుండ ముందు కూర్చుని మాటిమాటికీ గడియారం చూసుకునే మనిషిని మీరెప్పుడైనా చూశారా? పోయిన మాఘమాసం చివర్లో, చింతూరు దగ్గర ఒక కోయగూడెంలో నేను చేసిన పని అదే. తెల్లవారి ఆరింటికి ఒక గుక్క. ఎనిమిదిన్నరకు మరొకటి. పన్నెండింటికి ఇంకొకటి. సాయంత్రం నాలుగున్నరకు ఆఖరుది. గుక్క గుక్కకీ నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకోవడం. చుట్టూ చేరిన పిల్లలకు ఇదంతా వింత. "మందులు రాస్తున్నావా అక్కా?" అని ఒక బుడతడు అడిగాడు. నన్ను డాక్టరమ్మ అనుకున్నాడు కాబోలు. పక్కనే ఉన్న వాళ్ల నాయనమ్మ మాత్రం నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

ఈ కాలమ్‌లో ఇన్నాళ్లూ సర్వపిండి నుంచి పూతరేకుల దాకా ఏవేవో రుచులు చెప్పుకున్నాం. కల్లు జోలికి మాత్రం వెళ్లలేదు. కారణం పాఠకులు కాదు, మా ఇల్లు.

నా చిన్నప్పుడు మా నాన్న సాయంత్రం ఇంటికొచ్చే వేళకు జేబులో సారా ప్యాకెట్ ఉండేది. జీతంలో ఇంటికి చేరేది ఎంతో అమ్మకే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కబురు ఊరూరా పాకినప్పుడు, ఖమ్మం జిల్లాలోని మా ఊళ్లోనూ చీపుళ్లు లేచాయి. వాటిలో ఒకటి మా అమ్మది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా ఆగింది. మా నాన్న ఆగలేదు. ప్యాకెట్ నుంచి సీసాకు మారాడంతే. అందుకే మా ఇంట్లో కల్లు, సారా, బ్రాందీ అన్నీ ఒక్కటే లెక్క. వాటి పేరెత్తితే అమ్మ భోజనం ముందు నుంచి లేచిపోతుంది.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను కల్లు రుచి రాయడానికి బయల్దేరడం వెనక ఒక బెల్జియం సీసా ఉంది.

బ్రసెల్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నా చిన్ననాటి స్నేహితురాలు సెలవుకు వచ్చినప్పుడు ఒక సీసా తెచ్చింది. బిరడా, దాని మీద తీగ, మన పెళ్లిళ్లలో పన్నీరు బుడ్డికి కూడా అంత అలంకారం ఉండదు. "పాతకాలం పద్ధతిలో కాచే బీరు ఇది. లాంబిక్ అంటారు. ప్రపంచంలో ఇంకెక్కడా ఈ రుచి రాదు తెలుసా?" అంది గొప్పగా. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. పుల్లగా ఉంది. ముగ్గిన పండు వాసన, దాని వెనక దోసెల పిండి వాసన. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఒసే, ఇది కల్లు కదే!" అంది తనే. అప్పటికి మా ఇద్దరిలో ఎవరమూ కల్లు తాగి ఎరగం. అయితేనేం, ఖమ్మం జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ వాసన ఒకరు చెప్పాలా?

సెన్ నది లోయలో ఆ బీరు కాచే తీరు తర్వాత చదివాను. బార్లీ మాల్ట్‌కి గోధుమలు కలిపి ఉడికించిన రసాన్ని వెడల్పాటి, లోతులేని తొట్టిలో మూత లేకుండా రాత్రంతా చల్లారనిస్తారు. ఎవరూ ఈస్ట్ కలపరు. గాల్లో తిరిగేవీ, ఆ పాత కట్టడం దూలాల్లో, చెక్క పీపాల్లో కాపురం ఉన్నవీ వాటంతటవే వచ్చి చేరతాయి. చలి నెలల్లోనే ఈ పని. కొన్ని పాత బట్టీల్లో సాలెగూళ్లు కూడా దులపరు. నార్వే పల్లెల్లో ఇంకో పద్ధతి. ‘క్వైక్’ అనే ఇంటి ఈస్ట్‌ని చెక్క ముక్కల వలయానికి పట్టించి ఆరబెట్టుకుంటారు. మళ్లీ కాచేటప్పుడు ఆ వలయాన్ని రసంలో ముంచుతారు. తరతరాలుగా ఇంటింటికీ అదే తోడు.

మనం పాలు తోడేసుకునే తీరే కదా, దీనికి అంత గొప్పేముంది అనిపించింది. దాంతోపాటే, ఆ గొప్ప మన అడవిలో ఎవరైనా చెప్పుకుంటున్నారా అని కూడా అనిపించింది. అలా బయల్దేరాను. అమ్మతో మాత్రం "భద్రాచలం పనిమీద వెళ్తున్నా" అన్నాను. అబద్ధం కాదు, సగం నిజం.

పేరొక్కటే, మొక్కలు మూడు

ఖమ్మం నుంచి భద్రాచలం 120 కిలోమీటర్లకు అటూఇటూ. కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదావరి వంతెన ఎక్కగానే బస్సులో సగం మంది గుడివైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటారు. ఆ కొండ మీద రాముణ్ని మొదట గుర్తించింది పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలనీ, ఆమె పెట్టిన నైవేద్యం తాటిపండనీ క్షేత్ర కథ. గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, ఆ తర్వాత వచ్చినవాడు. అంటే ఇక్కడ దేవుడికి మొదటి వడ్డన కూడా తాడిచెట్టుదే.

భద్రాచలం ఊరు దాటగానే రాష్ట్రం మారుతుంది. పోలవరం ముంపు మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అంతకుముందు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం అన్నీ ఖమ్మం జిల్లావే. ఇప్పటికీ "ఖమ్మం నుంచి వచ్చాను" అంటే అక్కడి పెద్దవాళ్లు "అయితే మన జిల్లానే" అంటారు. చింతూరు దగ్గర శబరి పక్కన మొదలయ్యే కొండలు మారేడుమిల్లి వైపు వెళ్లేకొద్దీ చిక్కబడతాయి. తాటిచెట్టు తగ్గి జీలుగు చెట్టు కనబడేది అక్కడే.

రైతు కుటుంబాలవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. జీలుగ అనగానే మీకు గుర్తొచ్చేది వరినాట్లకు ముందు చల్లి దమ్ములో కలియదున్నే పచ్చిరొట్ట. అది కాదు. పెళ్లి బాసికాలకు వాడే తెల్లటి జీలుగుబెండు కూడా కాదు, అది నీటి మొక్క. ఇది తాటి, ఈత, కొబ్బరిల కులానికి చెందిన చెట్టు. ఆకు చివర చేపతోకలా చీలి ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్‌వాళ్లు ఫిష్‌టెయిల్ పామ్ అన్నారు. శాస్త్రీయ నామం కారియోటా యూరెన్స్. యూరెన్స్ అంటే మంట పుట్టించేది అని. దీని పండు గుజ్జు ఒంటికి తగిలితే దురద పుడుతుంది. బస్తర్‌లో సల్ఫీ అంటారు. శ్రీలంకలో కితుల్ అని పిలిచి, ఈ నీళ్లనే కాచి పాకం, బెల్లం చేసి మంచి ధరకు అమ్ముకుంటారు.

చెట్టు కింద నిలబడి తలెత్తితే మనిషి పొడవున పూగెలలు వేలాడుతుంటాయి, జడ విప్పి ఆరబోసుకున్నట్టు. మొదటి గెల వేయడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. అది చెట్టు నెత్తిన వస్తుంది. రెండోది దాని కింద. అలా ఏడాదికేడాది పైనుంచి కిందికి దిగుతూ వచ్చి, ఆఖరి గెల అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. కొబ్బరిలా ఏళ్ల తరబడి కాసేది కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నాలుగు గుక్కలు

మా చింతూరు విలేకరి నన్ను అప్పజెప్పిన తాతకు డెబ్బై ఏళ్లుంటాయి. చెట్టుకు ఒక పొడవాటి వెదురు బొంగు కట్టి ఉంది. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్లు కొద్దికొద్దిగా వదిలి నరికిన బొంగు, అదే నిచ్చెన. చీకటి ఇంకా పూర్తిగా విడవకముందే తాత ఆ మొదళ్ల మీద కాలి బొటనవేళ్లు మోపుతూ పైకి వెళ్లిపోయాడు. నాకు కింద నుంచి చూస్తేనే కళ్లు తిరిగాయి. గెల కొసను సన్నని కత్తితో వక్కపొర మందాన కోసి, రాత్రి కట్టిన కుండ దింపి, ఖాళీ కుండ కట్టి వచ్చాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఈ కోత పడాల్సిందే. మానేస్తే గాయం ఆరిపోయి ధార ఆగిపోతుంది.

నా కోసం ఆ రాత్రి పక్క గెలకు ఒక కొత్త కుండ కూడా కట్టించాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందుగా కొత్త కుండ. సొరకాయ బుర్రతో ముంచి ఆకు దొప్పలో పోశాడు. తాగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు పెద్దలకు" అని తన దొప్పలోంచి రెండు చుక్కలు నేల మీద వదిలాడు. నేనూ వదిలాను. ఆ తర్వాత గుక్క. దాదాపు నీళ్ల రంగు, కొంచెం మసక. లేత కొబ్బరినీళ్లలో చెరుకురసం కలిపినట్టుంది. చెరుకురసంలోని పచ్చివాసన మాత్రం లేదు. రాత్రి చలికి కుండ ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లగా ఉంది. మత్తు ఊసే లేదు. "ఇది పసిపిల్ల. దీనికేం తెలవదు" అన్నాడు తాత.

అదే చెట్టు, అదే రాత్రి, పాత కుండలో దిగింది మాత్రం వేరే మనిషి! పాలలా తెల్లగా ఉంది. పైన పల్చటి నురగ. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముగ్గిన పనసతొన వాసన, దాని వెనకే తెల్లారి మూత తీసిన ఇడ్లీపిండి వాసన. నోట్లో తీపి అలాగే ఉంది కానీ నాలుక చివర సన్నగా చురుక్కుమంది. గోలీసోడా చివరి గుక్కలో ఉంటుందే, అంత గ్యాస్.

ఆ పాత కుండనే నీడలో పక్కన పెట్టించి, రోజంతా దాన్నే చూశాను.

ఎనిమిదిన్నరకు ఎండ తగిలేసరికి కుండలోంచి చిన్న చప్పుడు వినబడింది. చెవి ఆనిస్తే వాన వెలిశాక ఎండుటాకుల మీద నీళ్లు రాలే చప్పుడు. తీపి సగం తగ్గింది. పులుపు మజ్జిగంత వచ్చింది. తీపి, పులుపు ఒకదాన్నొకటి తోసుకుంటున్న ఈ వేళే నాకు అన్నింటికన్నా నచ్చింది. కాల్చిన ఎండుచేప ముక్క ఒకటి తాత భార్య తెచ్చి పెట్టింది. ఉప్పు, పొగ, దాని మీద ఈ పులుపుతీపి. హైదరాబాద్ హోటళ్లలో ఏ రెండు రుచులు ఇంత బాగా కుదిరాయో నాకైతే గుర్తు రాలేదు.

పన్నెండింటికి తీపి దాదాపు పోయింది. నురగ దళసరిగా కట్టింది. ఒక్క గుక్కకే ఛాతీలో వెచ్చదనం దిగింది, చెవులు వేడెక్కాయి. వెనకాల సన్నటి చేదు, లేత వేపపుల్ల నమిలినంత. నిజంగా ‘బీరు’ అనదగ్గది ఇదే. లెక్కకు కూడా అంతే. కల్లులో ఆల్కహాల్ మామూలుగా 4, 5 శాతం దాకా చేరుతుంది, దుకాణంలో దొరికే బీరుకు అటూఇటూగా. గూడెంలో మగవాళ్లు పనుల నుంచి వచ్చి ఒక బుర్ర తాగి జావ తాగి మళ్లీ వెళ్లిపోయారు. అన్నట్టు, తాత ఈ వేళకి కూడా రెండు బుర్రలకు మించి ముట్టలేదు.

నాలుగున్నరకు మూత తీయగానే ముక్కు వెనక్కి లాగింది. పులుపు దంతాలకు తగిలింది. ఘాటైన వాసన, కొంచెం కోడిగుడ్డు వాసన కూడా. సగం గుక్క మింగి మిగతాది ఊశాను, నిజం చెప్పాలిగా. తాత నవ్వి ఆ కుండ తీసుకుని గడగడా తాగేశాడు. "నా ఈడుది" అన్నాడు.

కుండలో కాపురం

కొత్త కుండలో పాలుమాలిన చెట్టునీళ్లు, పాత కుండలో పొద్దున్నే ఎందుకు బుసబుసలాడాయి? పాత కుండను తాత ఎప్పుడూ తోమడు. ఖాళీ చేసి, అడుగున మడ్డి అలాగే ఉంచి కట్టేస్తాడు. ఆ మడ్డే తోడు. అందులో ఈస్ట్ ఉంటుంది, పెరుగులో ఉండే జాతి బ్యాక్టీరియా ఉంటుంది, చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే మరో బ్యాక్టీరియా కూడా ఉంటుంది. చెట్టునీళ్లలో వందకు పది పన్నెండు పాళ్లు చక్కెర. కుండలో చుక్క పడీ పడగానే ఇవన్నీ పనిలోకి దిగుతాయి. ఎండ ముదిరేకొద్దీ గాలి తగిలి, ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మార్చే మరో గుంపు పైచేయి అవుతుంది. నేను నాలుగున్నరకు ఊసింది దాన్నే. కుండ లోపల సున్నం పూస్తే వీటన్నిటి నోరు కట్టినట్టే, అప్పుడది నీరా.

ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ 1857లో పులియడం బతికున్న జీవుల పనే అని చెప్పాడు. 1876లో బీరు మీదే ఒక పెద్ద పుస్తకం రాశాడు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క ఈస్ట్ కణాన్ని వేరుచేసి, దాని సంతానంతోనే బీరు కాచే దారి చూపించాడు. ఫ్యాక్టరీ బీరు ఎక్కడ తాగినా ఒకే రుచి ఉండటానికి కారణం అదే. ఒకే కుటుంబం పని చేస్తుంది. తాత కుండలో మాత్రం ఊరంతా ఉంది. పక్క గూడెం కుండలో వేరే ఊరు. అందుకే ఈ కల్లు రుచి గూడానికో తీరు, పూటకో తీరు. "పోయిన వారం ఇంకా బాగుండె" అని తాత మూడుసార్లు అన్నాడు. నమ్మాను.

పట్నాల్లో కల్లు పేరుతో అమ్మేదానికి దీనికి చుట్టరికం తక్కువ. చాలినంత చెట్టునీళ్లు లేక, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలమ్ వంటివి కలపడం ఎన్నో ఏళ్లుగా పట్టుబడుతూనే ఉంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. తెలియని దుకాణంలో కల్లు తాగొద్దని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. అసలు మంచి కల్లయినా మద్యమే, అందులో అనుమానం లేదు. పిల్లలకూ, గర్భిణులకూ, మందులు వాడేవాళ్లకూ అది కూడదు.

ఆ మాటే నాయనమ్మతో అంటే, నా వైపు కాసేపు చూసింది. మా అమ్మ సంగతి చెప్పాను, నాన్న సంగతీ చెప్పాను. "మా ఇంట్ల కూడా ఒకడు పోయిండు బిడ్డా, పెద్దోడు. కల్లుకు కాదు" అంది. రోడ్డు మీద బెల్టు షాపులో దొరికే చీప్ లిక్కర్‌కు. కల్లు ఈ పూట తాగకపోతే రేపటికి పనికిరాదు, పది మందికీ పోసి కుండ బోర్లించాల్సిందే. క్వార్టర్ సీసా అలా కాదు. ఎప్పుడైనా దొరుకుతుంది, ఒక్కడే కూర్చుని తాగొచ్చు, అప్పు కూడా ఇస్తారు. ఆమె ఇంత వివరంగా చెప్పలేదు. "అది పంచుకునేది కాదు" అని ఒక్క మాట అంది. 1996 నాటి పెసా చట్టం ఏజెన్సీ గ్రామసభలకు మత్తు అమ్మకాల్ని అదుపు చేసే అధికారం ఇచ్చింది. ఆ గూడెం ఆడవాళ్లు దాన్ని బెల్టు షాపు మీద వాడాలని చూస్తున్నారు. ఇంకా వాడలేకపోయారు.

చిగురు పన్ను

ఈ కల్లు మీద ఇక్కడ ఒక యుద్ధమే జరిగిందంటే నమ్ముతారా? పంతొమ్మిదో శతాబ్దంలో రంప ప్రాంతపు మన్సబ్‌దారు కల్లు గీసుకునేవాళ్ల దగ్గర ‘చిగురు పన్ను’ వసూలు చేసేవాడు. అది చాలదన్నట్టు మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ హక్కుల్ని కాంట్రాక్టర్లకు వేలం వేసింది. ఇంటి వాడకానికి గీసుకున్నా కాంట్రాక్టరు చేయి తడపాలన్నారు. 1879 మార్చిలో రంప తిరగబడింది. పోలీస్ స్టేషన్ల మీద దాడులు జరిగాయి. జూలై నాటికి ఆ మంట రేకపల్లికి, అంటే ఈ శబరి ప్రాంతానికే పాకింది. 1874లో మద్రాసు కిందికి వచ్చిన ఈ రేకపల్లిలో పోడు మీద కూడా శిస్తు పెంచి ఉన్నారు. ఇక్కడ ముందు నిలిచినవాడు బోదులూరు అంబుల్ రెడ్డి. అల్లూరి సీతారామరాజు విల్లెత్తడానికి నలభై ఏళ్ల ముందు ముచ్చట ఇది. పరీక్షల కోసం రంప తిరుగుబాటు అని మనం చదువుకున్నదాంట్లో కల్లు కుండ ఊసు ఎక్కడుందో నాకైతే గుర్తులేదు.

కల్లు కోసం అంత తెగింపా అని నవ్వుకోకండి. మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో గోదావరి కొండల్లో తిరిగి కొండరెడ్ల మీద 1945లో పుస్తకం అచ్చువేశాడు. వేసవిలో గింజలు నిండుకున్నప్పుడు వాళ్ల కడుపు నింపేది ఈ జీలుగు నీళ్లేననీ, చెట్టు కొట్టి లోపలి దూట నుంచి పిండి తీసి తినేవారనీ అందులో ఉంది. మంచి చెట్టు రోజుకు 20 లీటర్లకు పైగా ఇస్తుంది. ఎండాకాలంలో అది ఒక కుటుంబానికి సగం తిండి. చెట్టును కొట్టేస్తే ఒక నెల పిండి. ఉంచితే కొన్నేళ్ల కల్లు. ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఉంచాలో లెక్క తెలిసినవాడే ఇంటి పెద్ద.

ఎవరు నాటారు తాతా ఈ చెట్టును అని అడిగాను. "మానుపిల్లి" అన్నాడు. హాస్యం కాదు. పండిన జీలుగు కాయలు తిని అడవంతా గింజలు వెదజల్లేది అదే. రాత్రిళ్లు చెట్టెక్కి కుండలో మూతి పెట్టడం కూడా దానికి అలవాటు. అందుకే ఇంగ్లిష్‌లో దాని పేరే ‘టాడీ క్యాట్’. మానుపిల్లి వేసిన మొక్క ఎవరి పోడులో మొలిస్తే ఆ ఇంటిది. తాతకు అలా వచ్చినవి మూడు చెట్లు. ఒకటి వాళ్ల నాన్న హయాంలో మొలిచింది, దాని ఆఖరి గెల కూడా అయిపోయి ఎండుతోంది. నేను తాగింది రెండోదానిది. మూడోది ఇంకా నా భుజం దాకా వచ్చింది. అది కల్లుకొచ్చేసరికి తాత ఉండడు. ఆ సంగతి తాతే చెప్పాడు, వాన రాకపోవచ్చు అన్నంత తేలిగ్గా.

మనవడు ఉంటాడు. కానీ ఎక్కడ ఉంటాడు? పోలవరంలో నీటిని పూర్తి మట్టం 45.72 మీటర్ల దాకా నిలబెడితే మునిగే ఊళ్లలో ఈ గూడెం కూడా ఉంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి వెనక్కి తన్ని ఇళ్లలోకి వచ్చింది. 1986లో 75.6 అడుగులు వచ్చినప్పుడు తాత కుర్రవాడు, పిల్లల్ని వీపున కట్టుకుని ఈ చెట్ల దగ్గరికే ఎక్కాడు. చెట్లు వాలు మీద ఉన్నాయి కాబట్టి అవి మునగవు. మునిగేది ఇళ్లు. ఇళ్లు పోతే మనుషుల్ని దూరంగా కాలనీకి తీసుకెళ్తారు. అప్పుడు పొద్దునా సాయంత్రం కోత కొయ్యడానికి వచ్చేదెవరు? పునరావాసం కాగితంలో ఇల్లుంది, భూమి ఉంది. చెట్టు గడిలో ఏం రాశారని అడిగాను. "మామిడి, చింత రాసిండ్రు. ఇది అడవి చెట్టు అన్నరు" అన్నాడు తాత. భుజం దాకా వచ్చిన ఆ మొక్క చుట్టూ మేకలు తినకుండా ముళ్లకంప కట్టి ఉంది. కంప కొత్తది.

బయల్దేరేటప్పుడు నాయనమ్మ ఒక లీటరు నీళ్ల సీసాలో కల్లు పోసిచ్చింది. "మూత బిగించకు" అని రెండుసార్లు చెప్పింది. బస్సులో ఒలుకుతుందేమోనని నేను బిగించాను. పాల్వంచ దాటాక నా సంచిలో టపాకాయ పేలినట్టయింది. డ్రైవర్ బ్రేకు వేశాడు. టైరనుకున్నారు. నా చున్నీ, పక్కావిడ చీర, ముందు సీటు ఆయన బట్టతల, అన్నింటి మీదా జీలుగు కల్లే. భద్రాచలం ప్రసాదం తెస్తున్న ఆ పక్కావిడ నన్ను చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోను. కొత్తగూడెం దాకా నుంచునే వచ్చాను. అడక్కుండానే అందరూ నాకు చోటు వదిలారు.

సీసాలో అడుగున పావు లీటరు మిగిలింది. ఇంట్లో దాచిపెట్టాలని చూశాను కానీ ఆ వాసన దాగేదా? మూడో రోజు పొద్దున వంటింట్లోకి వెళ్తే సీసా అమ్మ చేతిలో ఉంది. మూత తీసి వాసన చూస్తోంది. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. మొత్తం చెప్పాను. తాత, నాయనమ్మ, పోయిన పెద్ద కొడుకు, బెల్టు షాపు, ముళ్లకంప. అమ్మ విన్నంతసేపు విని, "ఎట్లుంది మరి?" అంది.

"పొద్దున తియ్యగా ఉంది."

"ఇప్పుడు పనికిరాదు, పుల్లగైపోయింది" అని, మిగిలిన కల్లు ఇత్తడి బిందె మీద పోసి పీచుతో రుద్దడం మొదలుపెట్టింది. చింతపండు కన్నా బాగా వదిలింది. బిందె తళతళలాడిపోయింది.